మూఢంలో ఆగిన సర్టిఫికెట్

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. సార్, వెబ్‌సైటుకు చవకగా మంచి సెక్యూరిటీ సర్టిఫికెట్ ఏది? ఐదు నిమిషాల్లో జవాబు చెప్పి పంపించేయవచ్చు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నాగర్‌కర్నూల్‌లోని ఒక నెట్ సెంటర్ గుర్తుకొస్తుంది. ఇన్నేళ్ళయినా అరచేతులు చెమరుస్తాయి. ఆ చెమట ఎందుకో తెలియకుండా ఈ పని నేర్చుకోకండి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి

నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. తర్వాత హైదరాబాదులో ఒక కంప్యూటర్ దుకాణంలో నాలుగేళ్ళు పనిచేసి, వనపర్తికి తిరిగొచ్చి బస్టాండు దగ్గర రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. గద్వాల చీరల దుకాణాలకు, విత్తనాల వ్యాపారులకు, నాగర్‌కర్నూల్‌లో ఒకటి రెండు బళ్ళకు వెబ్‌సైట్లు చేసి నడిపించాను. పెద్ద చదువేం లేదు. మూడు ఊళ్ళలోనూ ఆ పని తెలిసినవాడు వేరే లేడు కాబట్టి నేనే పెద్ద ఇంజనీరును. ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు.

హైదరాబాదులో నా యజమాని మంచి పనిమంతుడు. ఆయన దగ్గర నేర్చిన మంచి చాలా ఉంది. చెడు ఒకటే ఉంది, అదే నాకు బాగా ఒంటబట్టింది. కంప్యూటర్ మీద ఏదైనా హెచ్చరిక వచ్చి గిరాకీ భయపడితే, "ఎస్ కొట్టమను, పని సాగనీ" అనేవాడు ఆయన. చదవద్దు, ఆలోచించొద్దు, ఎస్ కొట్టు. నేనూ పదేళ్ళు అదే మంత్రం జపించాను. ఆ మంత్రం ఎవరి మెడకు చుట్టుకుందో ఇప్పుడు చెబుతాను.

టీచరమ్మ సైటు

రెండువేల ఆరు, ఏడు ఆ ప్రాంతం. వనపర్తిలో రుక్మిణమ్మ అని లెక్కల టీచరు రిటైరై పెళ్ళిళ్ళు కుదిర్చే పని పెట్టుకున్నారు. మామూలు పెళ్ళిళ్ళు కాదు. మొగుడు చచ్చిపోయినవాళ్ళకు, విడిచిపెట్టినవాళ్ళకు మళ్ళీ పెళ్ళి. ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్నారట. "నాకు ఎవ్వరు చెయ్యలే, గందుకే నేను చేస్తున్న" అన్నారు నాతో, మొదటి రోజే.

ఆఫీసు మెట్లెక్కి రావడానికి ఆ ఆడవాళ్ళకు ధైర్యం చాలదు. ఎవరైనా చూస్తే అయిపోయింది. అందుకని సైటు కావాలన్నారు. నెట్ సెంటర్లో కూర్చుని ఎవరి పాస్‌వర్డు వాళ్ళు కొట్టి, ఫోటో పెట్టి, వచ్చిన ఉత్తరాలు చదువుకోవాలి. మూడో కంటికి తెలియకూడదు.

మూడో కంటికి తెలియకూడదంటే సైటుకు సర్టిఫికెట్ కావాలి. అది రెండు పనులు చేస్తుంది. మీరు కొట్టే అక్షరాలను దారిలో ఎవరూ చదవకుండా కలగాపులగం చేస్తుంది. మీరు తెరిచింది నిజంగా ఆ సైటేనని, మధ్యలో ఎవడో వేషం వేసుకుని కూర్చోలేదని సాక్ష్యం చెబుతుంది. మనవాళ్ళు మొదటిదే గుర్తుపెట్టుకుంటారు. నేనూ అంతే.

హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు వచ్చి నా ఆఫీసు కిరాయి ఏడాదికెంతో అంతకంటే ఎక్కువే అయ్యే సర్టిఫికెట్ అమ్మజూశాడు. పెద్ద కంపెనీ, పెద్ద ముద్ర, కాగితాలన్నీ చూసి ఫోన్ చేసి మరీ ఇస్తారట. నేను తిన్నగా అడిగాను, తాళం దీనిదేమైనా గట్టిదా అని. నీళ్ళు నమిలాడు. చవక సర్టిఫికెట్‌లోనూ తాళం అదే. సైటు పేరు ఎవరిదో వాళ్ళకు ఒక మెయిల్ పంపి, ఒప్పుకుంటే ఇచ్చేస్తారు. తేడా విచారణలోనే. పెళ్ళిళ్ళ టీచరమ్మకు బ్యాంకు వేషం ఎందుకు?

కాబట్టి కుర్రాళ్ళారా, చవకది తీసుకోండి, సిగ్గుపడకండి. కొనేముందు ఒక్కటి మాత్రం చూడండి. మన నెట్ సెంటర్లలోని ముసలి కంప్యూటర్లు ఆ కంపెనీని గుర్తుపడతాయో లేదో. నేను మూడు ఊళ్ళు తిరిగి, ఒక్కో సెంటర్లో కూర్చుని చూసి మరీ ఎంచాను. ఊరికే వస్తుంది కదా అని సొంతంగా తయారుచేసుకునే సర్టిఫికెట్ జోలికి పోలేదు. దాన్ని ఏ కంప్యూటరూ నమ్మదు, ప్రతిసారీ హెచ్చరిక పెడుతుంది. అంతవరకూ నా బుర్ర బాగానే పనిచేసింది.

టీచరమ్మ పంచాంగం చూసి, మంచి రోజున సర్టిఫికెట్ పెట్టించారు. కంప్యూటర్‌కు పసుపు కుంకుమ కూడా పెట్టారు. నేను నవ్వుకున్నాను.

మూఢం

ఏడాది తిరిగింది. సర్టిఫికెట్ గడువు అయిపోవస్తోందని మెయిళ్ళు మొదలయ్యాయి. కొత్తది తీసుకుందామని టీచరమ్మను అడిగాను. ఆమె పంచాంగం తీశారు. శుక్ర మూఢం. దాని వెనకే ఆషాఢం. శ్రావణం దాకా వద్దన్నారు.

లెక్కలు చెప్పిన మనిషి ఇలా అంటారా అని నాకు ఒళ్ళు మండింది. మెషీన్‌కు మూఢమేంటి అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"నాకు పట్టింపు లేదయ్యా. కానీ పెండ్లిళ్ళ పని ఇది. మూఢంల మొదలువెట్టినమని రేపు ఎవరికన్న తెలిస్తే, పెండ్లి చెడిపోయినప్పుడల్లా గదే అంటరు. ఈ ఆడోళ్ళను ఇప్పటికే అపశకునం అంటున్నరు. ఇంకోటి నేను అంటగట్టాల్నా?"

ఆ మాట నిజమే. కానీ ఉపాయం ఉంది. ఆమెకు చెప్పకుండా కొత్తది పెట్టేస్తే ఎవరికి తెలిసేది? మూఢం రాకముందే తీసుకున్నా, మిగిలిన రోజులు కలిపి ఇచ్చేవాళ్ళు. ఇవన్నీ నాకు తెలుసు. బద్ధకమో, ఆమెతో పేచీ ఎందుకన్న పిరికితనమో, ఊరుకున్నాను. గడువు దాటింది. సైటు తెరవగానే హెచ్చరిక డబ్బా రావడం మొదలైంది.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇది. టైపు చేసి, మూడు ఊళ్ళలో టీచరమ్మ మనుషులు వెళ్ళే నెట్ సెంటర్లన్నిటిలో కాగితం అంటించాను. హెచ్చరిక వస్తే భయపడకండి, ఎస్ కొట్టండి, అని. సైటు పేరు రాయలేదు, గుట్టు కాపాడానని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఫోన్ చేసినవాళ్ళకూ అదే చెప్పాను. నా పాత యజమాని మంత్రం.

శ్రావణం రాగానే కొత్త సర్టిఫికెట్ పెట్టాం. హెచ్చరిక పోయింది. గోడల మీద కాగితాలు పోలేదు. ఇక హెచ్చరిక రాదు, వస్తే ఎస్ కొట్టొద్దు అని నేను ఎవరికీ చెప్పలేదు. పనైపోయింది కదా అనుకున్నాను.

మణెమ్మ

పేరు మార్చాను. కోడేరు దగ్గరి పల్లె. భర్త కరెంటు షాక్‌తో పొలంలో పోయాడు. ఆరేళ్ళ కూతురు. అత్త, మరిది ఉన్న ఇంట్లోనే ఉండేది. పొలం భర్త పేరు మీదే ఉంది. ఈమె ఇంకో పెళ్ళి మాట ఎత్తిందని తెలిస్తే మరిది బిడ్డను గుంజుకుని ఈమెను బయటికి నెడతాడు. ఆ మాట అతను ముందే అని పెట్టాడట. పొలం సంగతి పోతేపోనీ సార్, నా బిడ్డ నాకు కావాలె, అనేది మణెమ్మ. మహిళా సంఘం తరఫున బ్యాంకు పని మీద నాగర్‌కర్నూల్ వచ్చినప్పుడు నెట్ సెంటర్లో పావుగంట కూర్చునేది. అలంపూర్ వైపు ఒకాయన, భార్య పోయినవాడు, ఈమెకు ఉత్తరాలు రాస్తున్నాడు. బిడ్డతో సహా రమ్మంటున్నాడు.

శ్రావణం వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఎవరినో దవాఖానలో చూడటానికి వనపర్తి వచ్చి, మణెమ్మ టీచరమ్మ దగ్గరికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. సైటు సరిగ్గా నడుస్తున్నదా అమ్మా అని మాటవరసకు అడిగాను.

"నడుస్తుంది సార్. మొన్న సోమవారం గా డబ్బా వచ్చింది, మీరు చెప్పినట్టే ఎస్ కొట్టిన. తెరుసుకున్నది."

టీ గ్లాసు కింద పెట్టాను. మొన్న సోమవారం డబ్బా రాకూడదు. సర్టిఫికెట్ కొత్తది. గడువు నిండుగా ఉంది.

ఆ రోజుల్లో ఆ డబ్బాలో మూడు గీతలుండేవి. మొదటిది, సర్టిఫికెట్ ఇచ్చినవాణ్ణి నమ్మొచ్చా. రెండోది, గడువుందా. మూడోది, పేరు సరిపోయిందా. బాగుంటే పక్కన పచ్చ టిక్కు, బాగాలేకపోతే పసుపు గుర్తు. అడిగాను, పసుపు గుర్తు దేని పక్కన ఉందని.

మణెమ్మ కాసేపు ఆలోచించింది. "మూఢంలప్పుడు నడుమ దానికుండె సార్. గీసారి మీద దానికి ఉండె. ఎందుకు?"

 పై గీతకు పసుపు గుర్తంటే, ఆమె మాట్లాడింది మా సైటుతో కాదు. మధ్యలో ఎవడో మా సైటు వేషం వేసుకుని కూర్చున్నాడు. ఆమె పాస్‌వర్డు వాడి చేతిలో పెట్టింది. పెట్టమన్నది నేను.

ఆ డబ్బాలోని ఇంగ్లీషు చదవలేని మనిషి గుర్తు మారిందని కనిపెట్టింది. చూసింది, గుర్తుపెట్టుకుంది. నేను చెప్పానని ఎస్ కొట్టింది.

నాగర్‌కర్నూల్

ఆమెకు అప్పుడేమీ చెప్పలేదు. ముందు నా కళ్ళతో చూడాలనుకున్నాను. టీచరమ్మా నేనూ మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం.  నేను కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. వాడు ఏం చూసి ఉంటాడు? ఫోటో. బిడ్డ పేరు. అలంపూర్ ఆయన ఉత్తరాలు. ఊరి పేరు. దారంతా ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

సెంటర్లో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని సైటు తెరిచాను. డబ్బా వచ్చింది. పసుపు గుర్తు పై గీతకే. సర్టిఫికెట్ విప్పి చూశాను. మా సైటు పేరే ఉంది. ఇచ్చింది ఎవరో ఊరూ పేరూ లేదు. తయారై పది రోజులు కాలేదు. నా తల పైన, గోడ మీద, నేనంటించిన కాగితం అలాగే ఉంది. భయపడకండి, ఎస్ కొట్టండి.

ఇంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

సెంటర్ యజమాని అమాయకుడు. మూలన ఇంకో కంప్యూటర్ ఉంది, అది తనది కాదన్నాడు. కోడేరు దిక్కు నుంచి ఒకడు వచ్చిపోతుంటాడు, నెట్ స్పీడ్ పెంచుతానని తన మిషన్ తెచ్చిపెట్టి అన్ని తీగలూ దానిగుండా కలిపాడు, అని చెప్పాడు. కోడేరు అన్న మాట వినగానే టీచరమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారు.

తీగ పీకేసి మిషన్ తెరిచాను. ఒక ఫైలు నిండా పేర్లు, పాస్‌వర్డులు. మా ఆడవాళ్ళవి ఐదు. మణెమ్మది మూడోది. ఫైలు చెరిపేశాను. వాడి బుర్రలో ఉన్నది చెరపడం నా వల్ల అవుతుందా?

పోలీసు స్టేషన్‌కు పోదామన్నాను. ఫిర్యాదులో ఐదుగురి పేర్లూ రాయాలి కదా, దాచిన గుట్టు మనమే రచ్చకెక్కిస్తామా అన్నారు టీచరమ్మ. గోడ మీది నా కాగితం చింపాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. మిగతా నలుగురికి టీచరమ్మ తానే వెళ్ళి చెబుతానన్నారు. మణెమ్మకు చెప్పే పని నాదన్నాను. తప్పు నాది కాబట్టి.

కోడేరు బస్టాండు

మేం కబురు పంపితే, సంఘం మీటింగుకు వచ్చినట్టు వచ్చి నిలబడింది మణెమ్మ. టీచరమ్మ పక్కనే ఉన్నారు. అంతా చెప్పాను. కాగితం సంగతి, గుర్తు సంగతి, మూల మిషన్ సంగతి, వాడు ఈ దిక్కువాడేనన్న సంగతి. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే వాడు మా మరిదికి చెప్తడా?"

చెప్పవచ్చు అన్నాను.

"ఎప్పుడు?"

తెలియదు అన్నాను. అంతకంటే భయంకరమైన జవాబు నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ముఖం తెల్లబోయింది. కొంగుతో నోరు మూసుకుంది. కర్నూలు వైపు బస్సు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది.

"వాడు చెప్పకముందే నేనే మా అత్తకు చెప్త," అంది చివరికి. "దొంగతనంగ దొరికితే నా బిడ్డ నాకు దక్కదు. చెప్తే దక్కుతదో లేదో. మీరు గీన్నే ఉండుండ్రి సార్."

వెళ్ళింది. మేమిద్దరం బస్టాండులో కూర్చున్నాం. పొద్దు నెత్తికెక్కింది, వాలింది. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ప్రతి చీర కొంగూ మణెమ్మదే అనిపించింది. ఆమెను ఇంట్లో పెట్టి కొడుతున్నారేమో, మేం ఇక్కడ చెట్టంత మనుషులం కూర్చున్నాం, ఏం చేస్తాం?

నాలుగు గంటలప్పుడు వచ్చింది. చేతిలో సంచి. బిడ్డ లేదు. వెనక పదడుగుల దూరంలో ముసలామె, అత్త. 

మరిది ఇంట్లో లేడట. అత్త విని, ఏడ్చి, తిట్టి, మళ్ళీ ఏడ్చిందట. వాడు వచ్చేలోగా నువ్వు ఇంట్లో ఉండొద్దు, వాడి చెయ్యి మంచిది కాదు అందట. పిల్లను మాత్రం ఇప్పుడే ఇవ్వనంది. ముసలామె మా ముందుకు వచ్చి టీచరమ్మను కిందికీ పైకీ చూసింది.

"గా అలంపూర్ పిలగాణ్ణి నేను సూడాలె. సూసినంక పిల్లను నేనే తోల్కొస్త. నా కొడుకు లేడు, గా పొల్లే ఉంది నాకు. దాన్ని సూపియ్యకుంట చేస్తె మాత్రం ఊకోను."

మణెమ్మ ఆ రాత్రి నుంచి వనపర్తిలో టీచరమ్మ ఇంట్లో ఉంది. మూడో రోజున ఆ మూల మిషన్ వాడు నిజంగానే ఆమె ఫోటో ప్రింటు తీసి మరిదికి చూపించాడట. మరిది ఎగిరాడు. ముసలామె, నాకెరికే, నాకు చెప్పే పోయింది అందట. వాడి చేతిలో ఉన్నది పాత వార్త అయిపోయింది.

అయినా బిడ్డ రావడానికి ఎండాకాలం వచ్చింది. ఆ నెలలన్నీ మణెమ్మ సరిగ్గా తిన్నది నేను చూడలేదు. ఇంటి ముందు ఏ పిల్ల గొంతు వినబడ్డా లేచి నిలబడేది. చివరికి ముసలామె మాట నిలబెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని తానే బస్సు దిగింది. ఆ రోజు నేను గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చివరగా

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. చవక సర్టిఫికెట్ చాలు. గడువుకు నెల ముందే మార్చండి, మూఢమైనా, అమావాస్య అయినా. టీచరమ్మ కూడా ఆ తర్వాత ఎప్పుడూ పంచాంగం తీయలేదు. ఎస్ కొట్టండి అని మాత్రం ఎవరికీ నేర్పకండి. ఒకసారి నేర్పితే వెనక్కి తీసుకోలేరు. నేను తీసుకోలేకపోయాను, దానికి ఇంకో రుజువు ఉంది.

మణెమ్మ పెళ్ళి చేసుకుని అలంపూర్ వైపు వెళ్ళాక టీచరమ్మకు ఆ దిక్కు మనిషి అయింది. రాలేని ఆడవాళ్ళను తానే నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి కూర్చోబెట్టేది. రెండేళ్ళ తర్వాత ఒకరోజు గద్వాలలో ఒకామెను అలా కూర్చోబెట్టి, అక్కడి నుంచి ఫోన్ చేసింది.

"సార్, డబ్బా వచ్చింది. పసుపు గుర్తు నడుమ దానికున్నది. నేనేం ఒత్తలే."

 కొత్త సర్టిఫికెట్ పెట్టి వారం కాలేదు. కాసేపు ఆలోచిస్తే తట్టింది. కంప్యూటర్ మూలకు తేదీ చూడమన్నాను. ఏదో పాత సంవత్సరం చదివింది. లోపలి బ్యాటరీ చచ్చి గడియారం వెనక్కి పోయింది, దాని లెక్కన మా కొత్త సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు, అంతే. ఊపిరి పీల్చుకున్నాను. ఊపిరితో పాటు ఆ పాత మంత్రం కూడా నా నోట్లోంచి వచ్చేసింది. ఏం కాదమ్మా, ఎస్ కొట్టు, అన్నాను.

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"నేను కొట్ట సార్," అంది మణెమ్మ. "ఇంకో సెంటర్‌కు పోతం. ఈమెకు చిన్న బిడ్డ ఉన్నది."